చెడిందా, నిలబడిందా

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డ దగ్గర మా చేలో బావికి మోటారు పెట్టిన కొత్తలో, ఏ మిషను ఆగినా మేము ఒక్కటే మాట అనేవాళ్లం: చెడిపోయింది. నేను చదివింది మూడో తరగతి. అంతకంటే వివరంగా చెప్పాలని నాకూ తెలియదు.

కరెంటు పోతే బావి పక్క షెడ్డులో ఉన్న స్టార్టరు పిడి దానంతట అదే కిందికి పడిపోవాలి. మనిషి వచ్చి పైకి లేపితేనే మోటారు మళ్లీ తిరగాలి. దాన్ని చేసిన పద్ధతి అది. కానీ కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో లెక్క లేదు. ప్రతిసారీ ఎవరు పరిగెత్తుతారని ఊళ్లో అందరూ ఆ పిడిని పైకి లేపి పురికొసతో కట్టేశారు. ఇక కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేది. మా నాయనా కట్టాడు. కరెంటు ఉందో లేదో తెలియడానికి షెడ్డులో ఒక లైటు మాత్రం పగలూ వేసి ఉంచేవాళ్లం.

ఒక మధ్యాహ్నం పసుపు మడికి నీళ్లు ఆగాయి. చూసి రమ్మని నాయన నన్ను పంపాడు. షెడ్డు దాకా పోయి, మోటారు చప్పుడు వినపడకపోయేసరికి, గట్టు మీంచే చెడిపోయిందని కేకేశాను. నాయన స్పానర్లు తీసుకుని నేరుగా బావిలోకి దిగాడు. మోటారు బావి లోపల, నీళ్లకు పైన రాతి అరుగు మీద ఉండేది. బిగుసుకుందేమోనని దాని చక్రాన్ని చేత్తో తిప్పి చూడసాగాడు.

అప్పుడే మా జేజి, నాయన వాళ్లమ్మ, సద్ది గంప దించి, నాయన ఎక్కడని అడిగింది. చెప్పాను. ఆమె మొహం మారిపోయింది.

"చెడిందా, నిలబడిందా? నువ్వు చూసిందేందో అది చెప్పు."

"నిలబడిండాది. షెడ్డులో లైటూ లేదు జేజీ."

ఆమె ఇంకేం అడగలేదు. కొడుకును పిలుస్తూ కూర్చోనూ లేదు. షెడ్డులోకి పోయి మోటారుకు పోయే మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి ఒడిలో వేసుకుంది. ఆ తర్వాతే బావి అంచుకు వచ్చి, "చేతులు తియ్ రా" అంది. నాయన తలెత్తి ఏందని అడుగుతుండగానే నా వెనక లైటు వెలిగింది. ఆయన చేతులు ఇంకా చక్రం మీదే ఉన్నాయి. చక్రం కదల్లేదు.

నాయన పైకొచ్చి పురికొస కోసేశాడు. జేజి నన్ను కొట్టలేదు. సద్ది పెడుతూ, "చెడిందో లేదో నీకేం తెలుసు? కండ్లకు కనపడింది చెప్పు, సాలు" అంది.

ఇప్పుడు మా ఇంట్లో మిక్సీ ఆగినా, ఫ్యాను ఆగినా, చెడిపోయిందని ఎవరైనా అంటే ఊరుకోను. ఏం చూశావు, ఏం విన్నావు అని నిలేసి అడుగుతాను. రిపేరు దుడ్లకు ఏడుస్తున్నానని మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ మాట వినగానే, ముందు మా నాయన చేతులే నా కండ్ల ముందుకొస్తాయి.