తుంచేసిన స్ట్రాబెర్రీ పూలు

ఆ చల్లటి కొండ ఊళ్లో, ఆ వీధిలో అందరూ ఆమెను కుట్టక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇంట్లో కూడా లేరు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఎవరి బట్టల పనో నెత్తిమీద ఉండేది. అలా అలా ఆ వయసు కాస్తా దాటిపోయింది. అన్నయ్య ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల, ఓ మంచం. అన్నయ్య పిల్లల మొదటి గౌను నుంచి పెళ్లిబట్టల దాకా ఆ మిషను మీదే కుట్టింది. తనకంటూ ఏముందయ్యా అంటే చేతిలో కత్తెర, అంతే.

అలాంటి మనిషికి అన్నయ్య ఒకరోజు పెరడు చూపించి, "ఆ గోడవార జాగా నీదేనే. ఏం వేసుకుంటావో నీ ఇష్టం" అన్నాడు. ఇంక చూడండి! బట్టలు కుట్టించుకునే ఒకావిడ దగ్గర్నుంచి స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చింది. ఏడాదికి ఒక్కసారి కాసి ఊరుకునే రకం కాదు, చలి ముదిరేదాకా విడతలు విడతలుగా కాసే రకం. మొవ్వు మట్టిలో కూరుకుపోకుండా నాటి, చుట్టూ ఎండుగడ్డి పరిచింది. పక్కలకు పాకే తీగలను ఎప్పటికప్పుడు కత్తిరించింది. ఇక నత్తలతో ఆమె చేసిన యుద్ధం వింటే నవ్వుతారు. పొద్దున్నే ఒక్కొక్కదాన్నీ ఏరి, నాలుగు తిట్లు తిట్టి గోడ అవతల పారేసేది. అవతల మెకానిక్ షెడ్డు. "అక్కా, మీ నత్తలు నా టైర్లెక్కుతున్నాయి" అని అతను మొత్తుకునేవాడు.

మొదటి ఏడు తొలి పూలన్నీ తుంచెయ్యాలి, అప్పుడే మొక్క వేళ్లూనుకుంటుంది. తుంచుతుంటే ప్రాణం ఉసూరుమనేది. అయినా తుంచింది. ఎండాకాలం నడుమ రెండో విడత పూలు వచ్చాయి. వాటిని కాయనివ్వొచ్చని మొక్కలిచ్చినావిడ ముందే చెప్పింది. కుట్టక్కకు నోరూరుతోంది కూడా.

అన్నయ్య టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. "ఇవి కూడా తుంచెయ్యవే."

"కాయనీ అన్నయ్యా. ఒక్క పండైనా రుచి చూడొద్దూ?"

"ఏం తొందరే నీకు? మొక్క బలపడనీ. వచ్చే ఏడు బుట్టలు బుట్టలు తిందువుగాని."

అంటూ తనే వంగి నాలుగు పూలు గిల్లేశాడు. ఎన్నడూ మొక్క జోలికి రాని మనిషి! తన మొక్కల మీద అన్నయ్యకెంత శ్రద్ధో అని ఆవిడ పొంగిపోయింది. మిగతావి తనే తుంచేసింది. ఆ తర్వాత పూసినవీ అంతే. ఆ ఏడంతా ఒక్క పండు నోట పెట్టలేదు పిచ్చి తల్లి.

చలి పోయింది. మొక్కలు కొత్త ఆకు తొడిగి మళ్లీ పూతకొచ్చాయి. సరిగ్గా అప్పుడు మెకానిక్ టేపు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. గోడ కొట్టేసి షెడ్డు ఇటు పొడిగిస్తాడట.

"ఎవరు చెప్పారు నీకు?"

"అదేంటక్కా, మీ అన్నయ్య నిరుడు ఎండాకాలం మొదట్లోనే మాటిచ్చారుగా. మీకు తెలీదా?"

ఎండాకాలం మొదట్లోనే! అంటే గ్లాసు పట్టుకుని వచ్చి పూలు గిల్లిన నాటికే బేరం అయిపోయిందన్నమాట. కంచే చేను మేస్తే ఇంకెవరికి మొరపెట్టుకుంటాం? ఆమె విసవిసా లోపలికి నడిచింది. అన్నయ్య పేపరు చదువుతున్నాడు. వదిన ఆమె ముఖం చూడగానే వంటగదిలోకి జారుకుంది. వదినకూ తెలుసు.

"ఇల్లు నీది, జాగా నీది, ఎవరికైనా ఇచ్చుకో. నాచేత పూలెందుకు తుంపించావు?"

అతను పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. "కాపు చూశాక నువ్వు కదలనంటావని..." అని నసిగాడు. "నీ మొండితనం నాకు తెలీదా?"

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. జాగా ఇచ్చేశానని అప్పుడే ఒక్క మాట చెబితే సరిపోయేది. నాలుగు పండ్లు తిని, మొక్కలు పీక్కుని ఊరుకునేది. అలాకాక నమ్మించి గొంతు కోశాడు, అదీ ఆమె చేత్తోనే.

"సర్లేవే, కుండీలు తెస్తా. డాబా మీద పెట్టుకుందువుగాని. పద, నేనూ తవ్వుతా." అతను పెరట్లోకి వచ్చి, మొదటి మొక్క దగ్గర కూర్చోబోయాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆ రోజు దాకా ఆమె అన్నయ్యకు ఎదురు చెప్పింది లేదు.

"నువ్వు చెప్పావనే తుంచాను. ఇంక నా మొక్కల్ని ముట్టుకోకు."