నేను తెచ్చిన గంధకం

నేను పనిచేసే గల్ఫు గ్యాస్ ప్లాంటులో గంధకం తయారవుతుందంటే మా రాచర్ల వైపు నమ్మినవాళ్లు తక్కువ. అది గనుల్లో తవ్వుకొచ్చేదని మా నాయన పట్టుదల. భూమిలోంచి వచ్చే గ్యాసులో విషవాయువు కలిసి ఉంటుందనీ, దాన్ని విడదీసి గంధకం చేస్తారనీ చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఒక సెలవుకు పెసరగింజలంత పసుపు గుళికలు డబ్బాలో పోసుకొచ్చాను. నాయన అరచేతిలో పోసుకుని, "మనం మిరపకు చల్లేది ఇదేనా?" అన్నాడు. అమ్మ ఆ డబ్బాను వంటింటి గూట్లో పెట్టింది.

నేను చేరినప్పుడు అక్కడ గంధకం యూనిట్ ఒకటే. గ్యాసు తోడడం పెరిగేకొద్దీ రెండోది, ఆపైన మూడోది కట్టారు. రేవులో పసుపు కుప్పలు మా ఊరి గుట్టలను మించిపోయాయి. రెండో యూనిట్ మొదలైన ఏడు ఒక పైపు లీకైంది. కుళ్లిన గుడ్ల కంపు ఒక్క క్షణం ముక్కుకు కొట్టి ఆగిపోయింది, స్పృహ తప్పి పడిపోయాను. ఆస్పత్రి నుంచి నడుచుకుంటూనే వచ్చాను గానీ, ఆ తర్వాత నాకు ఏ వాసనా తెలియలేదు. ఇంట్లో చెప్పలేదు. కాలో చెయ్యో పోలేదు, చెప్పడానికేముంది అనుకున్నాను.

పోయిన సెలవుకు వచ్చేసరికి మా పాపకు మూడో నెల. ఒకరోజు అమ్మ దానికి నీళ్లు పోసి, "రొంత సాంబ్రాణి నిప్పుల్లో వెయ్యిరా" అంది. గూట్లో చీకటి. చేతికి తగిలిన డబ్బాలోంచి గుప్పెడు తీసి నిప్పుల్లో వేసి, ఆ మూకుడు అమ్మ ముందు పెట్టి బయటికొచ్చాను. ఇంకెవరైనా అయితే గడప దాటకముందే పసిగట్టేవాళ్లు. నేను వేసింది గంధకం.

దగ్గు విని తిరిగి వెళ్లేసరికి అమ్మ పాపను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తుతోంది. గిద్దలూరు ఆస్పత్రిలో సాయంత్రం దాకా ఉంచుకుని, భయం లేదన్నారు. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. మొద్దుబారిపోయి బెంచీ మీద కూర్చున్నాను.

"వాసన రాలేదా బావా నీకు?" అని అడిగింది నా భార్య.

అప్పుడు చెప్పాను.

"అయితే పాప వాసన గూడా తెలీదా? రోజూ తల మీద ముక్కు పెట్టి చూస్తాంటివి గదా."

"తెలీదు. తెలిసినట్లు చేసినా."

ఆమె పాపను నా ఒళ్లో పెట్టి, "పట్టుకో. బరువన్నా తెలుస్తాది" అంది.

తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు.