ఎర్ర గీతలు పెట్టింది నేనే

క్యాబ్‌లు ఆపుకునే జాగాలో మరుగుదొడ్డి కట్టాలని ఇయ్యాల సాయంత్రం శంషాబాద్‌లో డ్రైవర్లు మీటింగ్ పెట్టుకున్నరు. మా బాపు కూడా డ్రైవరే. ప్లైవుడ్ మీద "మరుగుదొడ్డి మా హక్కు" అని చెక్కించి తెస్తనని మాటిచ్చిన. కంప్యూటర్‌లో డిజైన్ ఫైల్ నేనే చేసిన. ఎరుపంటే పోరాటం రంగు కదా అని అక్షరాల గీతలన్నీ ఎర్రగ పెట్టిన.

మీటింగ్‌కు గంట ముందు, ఇంట్లో చిన్న లేజర్ మిషన్ పెట్టుకున్న శ్రీను అన్న దగ్గరికి పోయిన. మిషన్ అక్షరాలను చెక్కలే, ఆరపార కోసేసింది. ఒక్కొక్కటే ఊడి కిందపడ్డయ్. ఇంకో చెక్క లేదు.

"పేదోళ్ల పనంటే నీకు గింత అలుసా?" అని మీదికి పోయిన.

"ఎర్ర గీతుంటే మిషన్ కోస్తది తమ్మీ, నల్లదుంటే చెక్కుతది. మొన్ననే కాయితం మీద రాసిచ్చిన. చదివినవా?"

చదవలే. కరపత్రమైతే అచ్చేసినోళ్ల అడ్రసు దాంక చదువుత.

ఆ తొర్రల చెక్కనే తీస్కపోయిన. బాపు దాన్ని తన తెల్ల యూనిఫాం ముందర పట్టుకున్నడు. తొర్రలల్లకెల్లి అక్షరాలు తెల్లగ రోడ్డు అవతలికి కూడా కనబడ్డయ్.

శ్రీను అన్నకు ఇంకా ఫోన్ చెయ్యలే. కోపంల అన్న మాటను ఎట్ల వాపస్ తీసుకుంటరో ఎరుకున్నోళ్లు జర చెప్పుండ్రి.