పైన ఉయాంగా, కింద నేను

ఉయాంగా గురించి అడిగితే లాస్ వేగస్‌లో మా సర్కస్ ఆట చూసినవాళ్లంతా దాని చెయ్యి గురించే చెబుతారు. ఒంటిచేతి మీద తలకిందులుగా నిలబడి, కాళ్లు రెండూ వెనక్కి వంచి, మడమలు నెత్తికి ఆనించి నవ్వుతుంది. ఆ చెయ్యి దేనిమీద ఆనిందో ఎవరూ అడగరు. నా మీద ఆనింది. నా పేరు దులమ్. వెనక్కి విల్లులా వంగి, నా తల నా మడమల మధ్యకు తెచ్చుకుని, ఇరవై ఏళ్లుగా దాన్ని నా నడుము మీద మోస్తున్నాను. ఫోటోల్లో దాని మొహం పడుతుంది. నావి మడమలు పడతాయి.

ఈ ఏర్పాటు మేం చేసుకున్నది కాదు. మంగోలియాలో, ఉలాన్‌బాతర్‌లో మాకు ఒళ్లు వంచడం నేర్పిన టీచరమ్మ చేసింది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లనూ చంకల కింద చేతులు వేసి ఎత్తి చూడడం ఆవిడ అలవాటు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఉయాంగాకు ఏడు. దాన్ని ఎత్తి, గాల్లోనే ఒకసారి ఊపి, "ఇది పైకి" అంది. నన్ను ఎత్తీ ఎత్తకముందే దించేసి, "ఇది కిందికి" అంది. నా జాతకం అక్కడే తేలిపోయింది.

ఉయాంగా అర్వయ్‌హేర్ అనే ఊరి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న లారీ నడిపేవాడు. వచ్చిన కొత్తలో ఇంటిమీద బెంగతో నా దుప్పట్లో దూరి ఏడ్చేది. దానికి జడ వెయ్యడం నేర్పింది నేను, బొబ్బలెక్కిన అరచేతులకు వెన్న రాసింది నేను. నాకు పన్నెండేళ్లప్పుడు మా జంటకు పతకం వచ్చింది. దానిమీద ఒక్క పేరే చెక్కారు. ఎవరిదో చెప్పాలా? ఇక్కడికి వచ్చాక పేపర్లో అరపేజీ వ్యాసం వేశారు. అందులో ఉయాంగా పేరు పద్నాలుగుసార్లు ఉంది, నేను లెక్కపెట్టాను. నేను ఒక్కచోట "తోటి కళాకారిణి"గా ఉన్నాను. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

మా వీసాలు ఆటను పట్టుకుని వేలాడే వీసాలు. ఆట మూసేస్తే పెట్టె సర్దుకోవడమే. అలా కాకుండా ఇక్కడే ఉండిపోవాలంటే అసాధారణ ప్రతిభ ఉన్న కళాకారులకిచ్చే గ్రీన్ కార్డు రావాలి. ముందు ఉయాంగా పెట్టుకుంది. పేరు పడ్డ కాగితాలన్నీ దానివే కదా.

ఒకరోజు పొద్దున్నే నా వంటింట్లోకొచ్చి, ఉప్పేసిన పాల టీ ముందు పెట్టుకుని, ఒక కాగితం నా వైపు జరిపింది. ఈ సిఫారసు ఉత్తరాల పద్ధతి మావాళ్లందరికీ తెలుసు. లాయర్లు రాస్తారు, పేరున్నవాళ్లో తోటివాళ్లో సంతకం పెడతారు, చదివేవాళ్లు ఎవరూ ఉండరు. నేను చదివాను. "ఈ జంట విన్యాసంలో ప్రధాన పాత్ర పూర్తిగా ఉయాంగాదే. నేను ఆధారం మాత్రమే" అని ఉంది.

"ఏంటే ఇది? ఆధారమా? నేనేమన్నా స్టూలునా?"

"నేను రాయలేదక్కా. లాయరమ్మ రాసింది. అలా రాస్తేనే ఇస్తారంట."

"రేపు నేనూ పెట్టుకుంటా. అప్పుడు ఈ సంతకమే తెచ్చి నా మొహాన కొడతారు. నువ్విక్కడ, నేను విమానంలో. బాగుందా?"

అది పళ్లెంలోని మాంసం కుడుములు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంది. ఆరు తిన్నది. ఎన్ని తిన్నా దాని ఒంటికి పట్టదు, నేను వాసన చూస్తే చాలు.

"తిను, తిను. ఎలాగూ మోసేది నేనే" అన్నాను.

"పోనీలే అక్కా, సంతకం పెట్టకు" అంటూ కాగితం మడిచింది. అరిస్తే నేనూ అరిచేదాన్ని. ఆ మంచితనానికే నాకు ఒళ్లు మండిపోయింది.

"అక్కడ పెట్టు. నా ఉత్తరం నేనే రాస్తా."

నిజం చెబుతున్నాను, కసితోనే కూర్చున్నాను. నా వెన్ను గురించీ నా ఊపిరి గురించీ రెండు పేజీలు రాసి, చివర్లో పైన ఒక పిల్ల కూడా ఉంటుందని ముగిద్దామనుకున్నాను. కానీ నేను ఎలా మోస్తానో రాయబోతే, మూడేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం ఆట అడ్డొచ్చింది. అప్పుడు నాకు పక్కటెముక నొప్పి. నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఆట మధ్యలో నా ఎడమ మోకాలు వణికింది. అయిపోయాం అనుకున్నాను. పైన ఉయాంగా, ఆ ఒంటిచేతి మీదే, తన బరువంతా వేలు తర్వాత వేలుగా నా కుడివైపుకు జరిపింది. ఆట అయ్యేదాకా అలా వంకరగానే నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. వారం రోజులు దాని మణికట్టు వాచిపోయి ఉంటే, నిద్రలో మడతపడిందని అందరికీ చెప్పింది. నాకు తెలుసు. తెలిసి కూడా ఇంతవరకూ నోరు విప్పలేదు. విప్పితే అది నిజంగానే గొప్పదని ఒప్పుకోవాలిగా!

అదే రాశాను. "జనం దీని అందం చూస్తారు, నాకు దీని బరువు తెలుసు. ఉన్న బరువును ఇలా కదిలించగలవాళ్లను నేను ఇంకొకరిని ఎరగను." సంతకం పెడుతుంటే కడుపు మండుతూనే ఉంది, అయినా పెట్టాను.

ఐదు నెలలకు దానికి కార్డు వచ్చింది. ఊళ్లో ఉన్న మంగోల్ వాళ్లంతా చేరి దాన్ని ముద్దులతో ముంచేశారు. నేను ఒక మూల కూర్చుని దవడలు నొప్పి పుట్టేదాకా నవ్వాను.

తర్వాత నేను పెట్టుకున్నాను. భయపడ్డట్టే ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. వ్యాసాలన్నీ వేరే కళాకారిణి గురించే ఉన్నాయట. ఆమెలాంటివాళ్లను మరొకరిని ఎరగనని నేనే రాసిచ్చానట. మరి నా ప్రత్యేకత ఏమిటో పన్నెండు వారాల్లో రుజువు చెయ్యాలట. నా ఉత్తరంలోని వాక్యం, నా మాటల్తోనే, వాళ్ల కాగితం మీద అచ్చయి ఉంది. ఉయాంగాకు చెప్పలేదు. లాయరమ్మ చెప్పేసింది.

అంతలో మా తెల్లనెల కొత్త సంవత్సరం వచ్చింది. ఆ రోజు చిన్నవాళ్లు పెద్దవాళ్ల మోచేతుల కింద తమ చేతులు పెట్టి, ఆనుకోనిచ్చి దండం పెడతారు. ఉయాంగా నాకంటే రెండేళ్లు చిన్నది. ఏడాది మొత్తంలో అది కింద, నేను పైన ఉండేది ఈ ఒక్క రోజే. అందుకే ఏటా కాస్త ఎక్కువే ఆనుతాను. ఈసారి ఒళ్లంతా దానిమీదే వేశాను.

"అబ్బా! ఏం బరువక్కా నువ్వు!"

"ఇరవై ఏళ్లు నేను మోశాను. ఒక్క నిమిషం నువ్వు మొయ్యి."

మోసింది. కదల్లేదు. తర్వాత ఆ రోజు పెద్దవాళ్లకిచ్చే నీలం పట్టు కండువా మడతలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది.

"లాయరమ్మ రాస్తానంటే వద్దన్నాను. నాకు రాయడం రాదు, తెలుసుగా. తిట్టకు."

విప్పాను. పేరు, తేదీ, సంతకం. మధ్యలో రెండే ముక్కలు: "ఇరవై ఏళ్లు నేను దులమ్ మీద నిలబడ్డాను. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు."

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. "అదేనే నా ఏడుపు! ఒక్కసారన్నా చూశావా నన్ను?"

అది టీ ఊదుకుంటూ నా మొహంలోకి చూసింది. "భయమేస్తేనే కదక్కా కిందికి చూసేది. నీకు జ్వరమొచ్చినప్పుడు వేరే అమ్మాయి మీద ఎక్కాను. అప్పుడు చూశాను. చూడగానే పడ్డాను."

నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, అక్కర్లేకపోయినా టీ మళ్లీ కాచాను. కళ్లు తుడుచుకోవడానికి కాస్త టైము కావాలిగా.

ఆ కాగితం వెళ్లింది. ఎండాకాలంలో నా కార్డు వచ్చింది. దాని ఉత్తరం చదివాకే ఆఫీసువాళ్ల మనసు మారిందని లాయరమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నేను రెండు రోజులు కూర్చుని రెండు పేజీలు రాస్తే, రాయడం రాని ఉయాంగా రెండు ముక్కల్లో నన్ను మించి రాసేసింది. అందుకు కూడా నాకు కుళ్లే.