ఇసుక యార్డు దగ్గర తెగిన బాట

లొరెట్టా హావ్రిల్లాకు యాభై ఎనిమిదో ఏట చిన్న పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెలలో తేరుకున్నాయి కానీ ఎడమవైపు చూపు పోయింది. ఆ పక్కనుంచి ఎవరొచ్చినా భుజం తగిలేదాకా తెలిసేది కాదు. కారు లైసెన్సు రద్దయింది. ఆమె పేటకు వచ్చే బస్సును అంతకు ఏడాది ముందే ఆపేశారు. ఆసుపత్రి వంటింట్లో ఇరవై మూడేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానెయ్యమని అన్నయ్య స్టాన్ పోరుపెట్టాడు.

"మానేసి ఏం చెయ్యను? రోజంతా నీ సణుగుడు వింటూ కూర్చోనా?" అని, లొరెట్టా గ్యారేజీలోంచి పాత సైకిలు దులిపి బయటికి తీసింది.

పిట్స్‌బర్గ్‌లో అలెఘెనీ నది ఒడ్డునే సైకిలు బాట ఉంది. ఆసుపత్రివైపు వెళ్తుంటే ఆమెకు ఎడమచేతి పక్క నది తప్ప ఏమీ ఉండదు. చూపు లేని పక్కనుంచి ఏదీ రాదన్న ధీమాతో తొక్కేది. పొద్దున్నే నీటి మీద పొగమంచు, వంతెన కింద కొంగలు. రోజు మొత్తంలో ఆమె ఒంటరిగా, హాయిగా గడిపేది ఆ అరగంటే.

అయితే దారి మధ్యలో ఇసుక యార్డు అడ్డం. బాట కాస్తా వెళ్లి తాళం వేసిన గేటున్న కంచెకు కొట్టుకుని ఆగిపోతుంది. అక్కడ దిగి, సైకిలు భుజానికెత్తుకుని మెట్లెక్కి, రైలు పట్టాలు దాటి, లారీలు తిరిగే రోడ్డు మీద అరమైలు తొక్కితే, యార్డుకు అవతల మళ్లీ బాట దొరుకుతుంది. ఆ అరమైలూ లారీలన్నీ ఆమెకు ఎడమపక్కనుంచే దాటేవి. చెవులే కళ్లు చేసుకుని, పళ్లు బిగబట్టి తొక్కేది.

మార్చి నెలలో ఒక ఉదయం గాలి హోరులో ఆ చెవులు కూడా పనిచెయ్యలేదు. ఖాళీ లారీ ఒకటి రాసుకున్నంత పని చేసింది. లొరెట్టా తూలి పక్కనున్న కాలవలో పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. లారీ ఆపి డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. ఎర్ల్ అని, ఆ ఇసుక యార్డులోనే పనిచేసే మనిషి.

"అమ్మా, దేవుడి తోడు, నిన్ను చూశాను, పక్కకి తిప్పాను కూడా. అసలీ రోడ్డు మీద నీకేం పని?"

"నాకేం సరదానా? మీ గేటు తాళం తీస్తే నీ మొహం నాకు చూపించాల్సిన పనే లేదు."

ఎర్ల్ సైకిలు లారీలో వేసి ఆమెను ఆసుపత్రి దగ్గర దింపాడు. దిగేటప్పుడు చెప్పాడు: "తాళాలు మా యజమాని పెద్దామె దగ్గరుంటాయి. వెళ్లి అడుగు. కరుస్తుందిలే, కానీ నమిలెయ్యదు."

ఆ శుక్రవారం పని దిగాక, బంగాళాదుంప కూరిన, కజ్జికాయల్లాంటి పియెరోగీలు డబ్బాలో పెట్టుకుని లొరెట్టా యార్డుకు వెళ్లింది. రేకుల గదిలో హీటరు పక్కన బెర్నడీన్ కోస్టెల్నిక్ కూర్చునుంది. ఎనభై ఒకటో ఏడు. భర్త పోయాక ముప్పై ఏళ్లుగా యార్డు ఆమే నడుపుతోంది. లొరెట్టా సంగతి చెప్పగానే సొరుగులోంచి ఒక మ్యాపు తీసి బల్ల మీద పరిచింది. నది పొడుగునా ఆకుపచ్చ గీత. యార్డు ఉన్నచోట గీత తెగి, ఎర్ర చుక్కలు.

"చూడు పిల్లా. తొమ్మిదేళ్లుగా నగరం వాళ్ల ఉత్తరాలు. ప్రతిదాంట్లో ఇదే మ్యాపు, కింద 'గండి' అని రాసి. యాభై రెండేళ్లుగా నేనిక్కడ ఇసుక తోలుతున్నాను. ఈ ఊళ్లో సగం ఇళ్ల పునాదుల్లో మా ఇసుకే ఉంది. నేను గండినా?"

ఇన్నాళ్లూ లొరెట్టాకూ ఆ చోటు ఒట్టి కంచే. లోపల ఒక మనిషి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఉత్తరాలు రాసినవాళ్లలో ఒక్కరూ రాలేదా?" అంది లొరెట్టా.

"లాయర్లు ఫోను చేశారు. ఇసుక ఎత్తే లోడర్ కింద ఎవరైనా పడితే పూచీ ఎవరిదంటే ఒక్కడూ పలకడు." పియెరోగీ ఒకటి కొరికి నమిలింది. "ఉల్లిపాయ ఇంకాస్త వేగాలి."

"మా అమ్మ కూడా అదే అనేది. లోడర్లు ఎన్నింటికి మొదలవుతాయి?"

"ఏడింటికి."

"నేను ఆరుంబావుకి వస్తాను. మీ నీటి ఒడ్డున సైకిలు దిగి నడిపించుకుంటూ పోతాను. ఏడు దాటితే గేటు ముట్టుకోను."

పెద్దామె ఆమెను ఎగాదిగా చూసింది. "అరవై ఏళ్లొచ్చాయి, లారీల మధ్య సైకిలేమిటే, బుద్ధి ఉందా?"

"అరవైకి ఇంకా రెండేళ్లు తక్కువ. బుద్ధి లేకే మీ దగ్గరికొచ్చాను."

బెర్నడీన్ నవ్వలేదు. కానీ గోడకున్న తాళంచెవి తీసి ఇచ్చింది.

ఏప్రిల్‌కల్లా లొరెట్టా వెనక ఇంకో ముగ్గురు చేరారు: బేకరీలో పనిచేసే ఒకాయన, ఇద్దరు నర్సులు. లొరెట్టా గేటు తీసేది, లెక్కపెట్టి లోపలికి పంపేది, అందరూ బాతుల్లా వరసగా నడిచేవాళ్లు, అవతలి గేటు ఆమే వేసేది. ఒకరోజు బేకరీ ఆయన సైకిలెక్కబోతే, కిటికీలోంచి బెర్నడీన్ కేక: "దిగవయ్యా! ఇదేమన్నా మీ మామగారి తోటా?" ఆ తర్వాత ఎవరూ ఎక్కలేదు. ఒకరోజు లొరెట్టా జలుబు చేసి రాకపోతే, ఆ ముసలామే కోటు వేసుకుని వచ్చి గేటు తీసిందట.

పూచీ విషయం తేల్చడానికి నగరం వాళ్లు చివరికి మనిషినే పంపారు. లొరెట్టా అతన్ని పొద్దున ఆరింటికే రప్పించి, ముందు లారీల రోడ్డు మీద తొక్కించి, ఆ తర్వాత యార్డులో నడిపించింది. రేకుల గదిలో అతను ఇంకా చెమట తుడుచుకుంటూనే మాట్లాడాడు. అయినా కాగితాల మీద సంతకాలు పడేసరికి రెండేళ్లు పట్టింది. నీటి ఒడ్డున పన్నెండడుగుల వెడల్పు బాట, పక్కన ఎత్తు కంచె, ఎవరైనా పడితే పూచీ నగరానిది. నదికి ఎగువన రైల్వే వంతెన దగ్గర ఇంకో తెగిన చోటు ఉంది. అది నేటికీ అలాగే ఉంది. రైలు కంపెనీలో వెళ్లి అడగడానికి ఇలాంటి రేకుల గదీ లేదు, ఇలాంటి పెద్దామే లేదు.

యార్డు పక్క కొత్త బాట మీద మొదటిరోజు లొరెట్టా దిగకుండా తొక్కింది. కంచె అవతల లోడర్లు ఇంకా లేవలేదు. ఇసుక గుట్టలు తడిసి నల్లగా ఉన్నాయి. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆసుపత్రికి చేరేసరికి పనికి ఇంకా ఇరవై నిమిషాలుంది. లోపలికి వెళ్లకుండా బయట బెంచీ మీద కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ వేడివేడిగా, తీరిగ్గా తాగింది.