సారు డబ్బాలో చంద్రుడు

ఒకప్పటి మా పక్కింటి లెక్కల సారు పోయారని మొన్న పొద్దున వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది. రాత్రి అన్నం తిని పడుకున్నారట, నిద్రలోనే పోయారట. ఏడుపు వచ్చింది గాని, దానికంటే ముందు గుండెల మీది బరువు దిగినట్టయింది. మంచాన పడి ఒకరి చేత చేయించుకునే రోజు తనకు రాకూడదని ఆయన ఎప్పుడూ అనేవారు. రాలేదు.

ఎనభైల్లో వరంగల్‌లో మేం ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవాళ్లం. సారు పనిచేసే బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. బడిలో కరెంటుకు నిలకడ లేదని హెడ్మాస్టరు దాన్ని సారు ఇంట్లో పెట్టుకోనిచ్చారు. దాన్ని టీవీకి తగిలించి, టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ వేస్తే, కాసేపు కీచుమని అరిచి, తర్వాత తెర మీద మన వరంగల్ ఆకాశాన్ని చుక్కలు చుక్కలుగా పరిచేది. తారీఖు, టైము కొడితే చాలు, ఏ చుక్క ఎక్కడుందో చూపేది. సారు వాడకట్టు జనాన్నంతా పిలిచి చూపించేవారు, చాయ్ పోయించేవారు. ఆ చాయ్ చల్లారిపోయినా ఆయన చెప్పడం అయ్యేది కాదు.

మా అత్తమ్మకు షుగర్. అయినా నెలనెలా సంకటహర చవితికి ఉపవాసం ఉండి, చంద్రుణ్ణి చూసి నీళ్లు వదిలితే గాని ముద్ద ముట్టేది కాదు. కొడుకు కోసం మొక్కిన మొక్కు అది. ఒక వానాకాలం మబ్బు విడవక తెల్లారేదాకా అలాగే ఉండి, కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకోసారి ఇలా చేస్తే మనిషి దక్కదని దవాఖానలో డాక్టర్ గట్టిగానే చెప్పాడు. ఆమె వినలేదు. చవితి వస్తోందంటే నేను పొద్దుటి నుంచి మబ్బు వంకే చూసేదాన్ని.

సంగతి తెలిసి, తర్వాతి చవితికి సారు ఆమెను పిలిచారు. తెర మీద చంద్రుడు వచ్చేశాడు. బయటికొచ్చి చూస్తే ఆకాశం తేటగా ఉంది, చంద్రుడు మాత్రం లేడు. పావుగంట పోయాక తీరిగ్గా వచ్చాడు. అత్తమ్మ నీళ్లు వదిలి, అన్నం తిని, అప్పుడు అంది: "నీ డబ్బాల చంద్రునికి తొందరెక్కువ సారూ."

రెండు రోజులు సారు మొహం చాటేశారు. మూడోనాడు గోడ మీంచి పిలిచి సంగతి చెప్పారు. ఆ ప్రోగ్రాంకు లండన్ టైముకూ మన టైముకూ ఉన్న తేడా చెప్పాలట. అయిదున్నర గంటలు కదా అని, గడియారం లెక్కన అయిదు పాయింట్ ముప్పై అని కొట్టారట. సగమంటే పాయింట్ అయిదు కావాలి. ఆ తేడాకే తెర మీది చంద్రుడు పన్నెండు నిమిషాలు ముందొచ్చాడట.

"పిల్లలకు ఇదే తప్పుకు మొట్టికాయలేసిన చెల్లె. నాకెవలెయ్యాలె ఇప్పుడు?" అని నవ్వారు.

మరుసటి చవితినాడు ఒకటే వాన. మా ఆయన ఎనుమాముల మార్కెట్ నుంచి ఇంకా రాలేదు. అత్తమ్మకు చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. కాళ్లు పట్టుకున్నా చుక్క పాలు తాగలేదు. నేను గోడ దగ్గరికి పరుగెత్తి సారును కేకేశాను. ఆయన వచ్చి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి టీవీ ముందు కూర్చోబెట్టారు. తెర మీద, తూర్పు అంచున, తెల్లగా చంద్రుడు.

"ఈసారి తొందరవడ్తలేడు గదా?" అని అడిగింది అత్తమ్మ.

"లేదు పెద్దమ్మా. లెక్క సరిజేసిన. వచ్చిండు, మబ్బెనక ఉన్నడు. మనకు కనవడ్తలేడు, గంతే."

ఆమె చాలాసేపు తెర వంక చూసింది. చివరికి నీళ్ల చెంబు అడిగింది. టీవీ పక్కనే బడి కంప్యూటర్. సారు ఒక్క అంగలో లోపలికెళ్లి ఇత్తడి తాంబాళం తెచ్చి నేల మీద పెట్టారు. కంప్యూటర్ తడవకుండా జర దూరంకెళ్లి పొయ్యమని బతిమిలాడారు.

ఆ తర్వాత అత్తమ్మ చాలా ఏళ్లు బతికింది. మబ్బు పట్టిన ప్రతి చవితికీ సారు ఇంటికే పోయేది. ఆయన పోయారని విన్నప్పటి నుంచి నాకు ఆ తాంబాళమే కళ్లముందుకొస్తోంది. నీళ్లు కదిలినంతసేపు అందులో టీవీ చంద్రుడు ముక్కలు ముక్కలయ్యాడు. నీళ్లు ఆగాక గుండ్రంగా నిలిచాడు. అత్తమ్మ దండం పెట్టుకుని, సారు భార్య కలిపిచ్చిన పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది.