యాట ఉందంటే మూడొందల ఎకరాలు చూడబోయాం

నారపల్లి దాటేసరికి నా ఒళ్ళోని గంజు మూడోసారి జారింది. చిన్న గిన్నె అనుకునేరు. యాభై మందికి అన్నం వండే అల్యూమినియం గంజు. వ్యాన్‌లో వేరే చోటు లేక నా మోకాళ్ళ మీద పెట్టారు.

"బిడ్డా, పైలంగ వట్టు! సొట్టవడితే మా కోడలు నన్ను సంపుతది" అని వెనక సీటు నుంచి పెంటమ్మ పెద్దమ్మ అరిచింది.

"భూమి చూడ్డానికి గంజెందుకు పెద్దమ్మా?"

"పోయినంక అక్కెరకొస్తది తియ్."

నేను ఉప్పల్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో ఫోన్లు చేస్తుంటాను. చేరి మూడు నెలలైనా నా ఫోన్‌కి లేచి వచ్చిన మనిషి లేడు. శుక్రవారం మా సార్ తేల్చేశారు. "ఈ ఆదివారం ఒక పార్టీని తెచ్చి 'సరే' అనిపించు. లేదంటే సోమవారం నుంచి నువ్వూ రావక్కర్లేదమ్మా." ఆయనది గుంటూరు వైపు. కోపంలో కూడా 'అమ్మా' వదలరు.

నా చేతికిచ్చిన కాగితంలో ఇట్లా ఉంది: మూడు వందల ఎకరాలు, సాగు భూమి, వేట భూమి, పాత బంగళా, ఒక్కరికే అమ్మబడును. ఇంగ్లీషులో ఉన్నదాన్ని సారే తెలుగు చేశారు. నాచారంలో ఉండే పెంటమ్మ పెద్దమ్మకు ఫోన్లో అదే చదివి వినిపించాను. ఆమెవి ఒకప్పుడు వరి పొలాలు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి, అందులో చాలా ఇళ్ళు ఆమెవే. అయినా కాళ్ళకి రబ్బరు చెప్పులే.

"యాట గూడ ఉందా?" అని అడిగింది.

"మస్తుగ ఉంది పెద్దమ్మా" అన్నాను.

అంతే. ఆదివారం పొద్దున ఏడున్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర తొమ్మిది మంది వ్యాన్ ఎక్కారు. ఈ దారిన వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక మాట. ఎడమ కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు. నాకు కిటికీ దొరికింది కానీ అందులోంచి చూద్దామంటే గంజు అడ్డం.

తొమ్మిదింటికి భువనగిరి దాటాక చాయ్ కోసం ఆపారు. ముందు సీట్లో కూర్చున్న యాదగిరన్న కాళ్ళ దగ్గర ఒక గోనెసంచి గలగలలాడుతోంది.

"ఏముందన్నా అందులో?"

ఆయన సంచి మూతి విప్పి చూపించాడు. రెండు కత్తులు, ఒక చెక్క మొద్దు. "నాచారంల మటన్ దుకాణం నాదే చెల్లె. యాట ఆడ్నే ఉందన్నవట గద. కోసుడు నా పని."

చాయ్ నాలుకని కాల్చింది. మా వైపు యాట అంటే మేకపోతో, గొర్రెపోతో. కోసి వండితే దావత్. అడవిలో జంతువుల్ని కొట్టే వేట అన్నా మా నోట్లో యాటే. నేను ఒకటి చెప్పాను, పెద్దమ్మ ఇంకొకటి విన్నది.

పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచింది. "గా నీలం చీరె ఆమె మౌలాలిల ఉండే మా వియ్యపురాలు. పెండ్లిల మర్యాద తక్వ జేసిన్రని ఆర్నెల్ల సంది మాట్లాడుతలేదు. యాట దావత్ ఉందంటేనే వచ్చింది. నా ఇజ్జత్ నీ చేతులున్నది బిడ్డా."

ఇజ్జత్ ఆమెది, నౌకరీ నాది. రెండూ ఒక్క మేక కాళ్ళకే కట్టి ఉన్నాయి.

సార్ ముందే కారులో సైట్‌కి వెళ్ళిపోయారు. ఫోన్ చేశాను. "సార్, వీళ్ళు వేట కోసమే వస్తున్నారు."

"అద్భుతం! దాని సంగతి నేను చూసుకుంటాగా" అన్నారు. ఆ వెంటనే సిగ్నల్ పోయింది.

జనగామ దాటి, పెద్ద రోడ్డు వదిలి, మట్టి బాటలో ఎగిరెగిరి పదకొండింటికి చేరాం. కంటికి ఆనినంత దూరం ఎర్రటి మోదుగ పూలు, ఏనుగుల్లా కూర్చున్న బండరాళ్ళు, కింద ఇటుక రంగు నేల. చాలా బాగుంది. బంగళా మాత్రం గబ్బిలాలది. నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, అక్కడి బోరింగ్ నీళ్ళు ఉప్పన.

సార్ చేతులు చాచి మొదలుపెట్టారు. "అమ్మగారూ, ఇదంతా వేట భూమి. పూర్వం దొరలు నెలకోసారి వేటకి వచ్చేవాళ్ళు."

"నెలకోపారా! ఉన్నోళ్లకేం తక్వ."

"ఒక్క రోజులో పది పదిహేను పడేవంట."

"గన్ని ఎవలు తిన్నరు సారు?"

"సగం పంచేవాళ్ళు, సగం ఇక్కడే వదిలేసేవాళ్ళు."

"అగో, ఎంత ఆగం జేసిన్రు!" అని వియ్యపురాలు బుగ్గ నొక్కుకుంది. ఆర్నెల్లలో పెద్దమ్మ ముందర ఆమె అన్న మొదటి మాట అదే.

యాదగిరన్న కత్తి తీసి వేలితో పదును చూశాడు. "మరి ఏడున్నయ్ సార్? టైమైతుంది."

సార్ రెండడుగులు వెనక్కి వేశారు. "అయ్యయ్యో, ఇప్పుడు కుదరదయ్యా! వేట నిషేధం. పట్టుకుంటే జైలే."

"యాట కోస్తె జైలా?" పెద్దమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "బోనాలకు మా ఇంట్ల రెండు కోసినం. ఎవడు వట్టుకపోయిండు?"

"ఇంట్లో వేటేంటండీ?"

ఇక నేనే మధ్యలోకి దూరాను. "సార్, మీరు జింక అంటున్నారు, వీళ్ళు మేక అంటున్నారు."

సార్ నెత్తి కొట్టుకున్నారు. "మా ఊళ్ళోనూ వేట మాంసమే అంటారు కదమ్మా, నాకెందుకు తట్టలేదూ!" తర్వాత నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు. "పార్టీ ఆకలితో వెనక్కెళ్ళిందా, రేపట్నుంచి నువ్వు ఇంట్లోనే ఉండు."

వేట నిషేధమైన భూమిలో నేను వేటకి బయల్దేరాను. బంగళా వెనక గొర్రెల అరుపు వినబడింది. వెళ్ళి చూస్తే పెద్ద మంద, దుప్పటి కప్పుకున్న కాపరి తాత. పేరు కొమురయ్యట.

"తాతా, ఒక యాట ఇస్తవా? పైసలిస్తం."

"అమ్మకానికి లెవ్వు."

మూడొందల ఎకరాలు అమ్మకానికి ఉన్నాయి, ఒక్క గొర్రె లేదు.

"ఎందుకు తాతా?"

"గీ జాగ అమ్ముడువోతే సుట్టు ఇనుప జాలీ కొడ్తరు. నా గొర్లేడ మెయ్యాలె? కొననొచ్చినోళ్లకు దావత్ గూడ నేనే ఇయ్యాల్నా?"

అప్పుడే పెద్దమ్మ రొప్పుతూ వచ్చింది. వచ్చీరాగానే ఒక పోతును పట్టి నోరు తెరిచి చూసింది. "రెండు పండ్లు. లేతగుంది."

తాత కళ్ళు చిట్లించాడు. "గొర్ల సంగతి ఎర్కనా నీకు?"

"ఇప్పుడు మా అపార్ట్‌మెంటున్న కాడ్నే నేను మేపిన."

"కొని జాలీ కొడ్తవా?"

"మా ఇంట్ల మెట్లెక్కితేనే నా మోకాళ్లు మొత్తుకుంటయ్. మూడొందల ఎకరాల సుట్టు ఎవడు తిరుగుతడు? దావత్‌కొచ్చిన, తిని పోత."

ఆ మాటతో తాతకి యాట ఇవ్వబుద్ధయింది. నాకు నౌకరీ పోయిందనిపించింది.

యాట ఖర్చు సార్ జేబులోంచే కదిలింది. మూడు గంటలకల్లా గంజు పొయ్యి దిగింది. కూరలో కారం చూసి సార్ ముందు భయపడ్డారు, తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నారు. తాత కూడా మా బంతిలోనే కూర్చున్నాడు. పెద్దమ్మ ఏరి ఏరి మూలుగ బొక్క వియ్యపురాలి విస్తట్లో వేసింది. ఆమె కాదనకుండా చప్పరించింది. నేను మాత్రం రెండు ముద్దలు కూడా సరిగ్గా తినలేకపోయాను.

నాలుగున్నరకు వెనక్కి బయల్దేరాం. పార్టీ చెయ్యి జారకుండా సార్ కూడా మా వ్యానే ఎక్కారు. కారు డ్రైవర్‌తో వెనక వస్తోంది.

"అమ్మగారూ, ఎలా ఉంది?"

"మెత్తగుంది సారు. ఉప్పే జర తక్వ."

"భూమండీ!"

"భూమికేంది, బంగారం."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పొద్దు గుంకుతోంది. రోడ్డు పక్క పొలాల్లో వరసగా పాతిన ప్లాట్ల రాళ్ళు పరుగెత్తుతున్నాయి. ఒక్కరికే అన్ని ఎకరాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. కానీ ఆ మోదుగల కింద ఒక పూట తిని రావడానికైతే ఎవరైనా వెళ్ళొచ్చు. గొర్రెలాయన్ని ముందు పలకరించండి.

"మరి ఏమంటారు? తీసుకుంటారా?" సార్ వదల్లేదు.

పెద్దమ్మ నా వైపు చూసింది. మధ్యాహ్నం సార్ గొంతు తగ్గించి అన్న మాట ఆమె చెవిన పడిందని అప్పుడు తెలిసింది. "మూడొందల ఎకరాలాయె సారు. కొడుకులను అడగాలె. వాస్తు జూసే అయ్యగారికి సూపియ్యాలె. జర టైం వడ్తది. ఏదున్నా గీ పోరితోనే జెప్త. వేరేటోళ్లు ఫోన్ జేస్తె ఎత్తనే ఎత్త."

సార్ నా వైపు తిరిగారు. మూడు నెలల్లో మొదటిసారి మంచినీళ్ళ సీసా అందించారు.

మర్నాడు పది గంటలకు ఆఫీసులో, సార్ నా కుర్చీ వెనకే నిలబడి ఉండగా పెద్దమ్మకు ఫోన్ చేశాను. "ఏమనుకున్నరు పెద్దమ్మా?"

"ఏమనుకునుడు బిడ్డా, మిగిలిన కూరల జొన్నరొట్టె అద్దుకొని ఇప్పుడే తిన్నం. వియ్యపురాలు ఇంక పోలే. పొద్దుమీకి నువ్వు గూడ రా, నిన్న ఏం తినలే."

"ఏమన్నారు?" అన్నారు సార్.

"ఆలోచిస్తున్నారు సార్. సాయంత్రం ఇంటికి రమ్మన్నారు" అని చెప్పి, తర్వాతి నంబరు నొక్కాను.